పనసచెక్క పసుపు

కాదు, నిమ్మపండు పసుపు కాదిది, అందులో ఎక్కడో కొంచెం ఆకుపచ్చ దాక్కుని ఉంటుంది. పసుపుకొమ్ము విరిస్తే కనిపించేదీ కాదు, అది మరీ ఎర్రన. ఏ రంగు కాదో చెప్పగలుగుతున్నాను గాని ఏ రంగో చెప్పలేకపోతున్నాను, ఇరవై తొమ్మిదేళ్ళు గాజుసీసాల్లో రంగులు మారడం చూస్తూ బతికినవాణ్ణి, ఒక చెక్క రంగుకి పేరు పెట్టలేకపోతున్నాను, అనుకుంటూ ఎలీషా పంతొమ్మిదో నంబరు ముక్కని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు.

ముక్కలో సగానికి నల్లకాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది. విప్పాడు. కాగితం కింద ఉన్న సగం ఇంకా పసుపుగానే ఉంది. వెలుగు తగిలిన సగం తేనెరంగు దాటి, నానబెట్టిన చింతపండు వైపు పోతోంది. పటికనీళ్ళు పట్టించి, ఆరబెట్టి, మీద రెండు పూతల వార్నిష్ వేసినా నిలిచింది పన్నెండు రోజులు. ముక్కని కిటికీ గట్టు మీద మిగతావాటి పక్కన పెట్టాడు. పెట్టడం కాదు, విసిరాడు.

మొత్తం ఇరవై మూడు ముక్కలు. ఒక్కొక్కదాని వెనక పెన్సిలుతో నంబరు, తేదీ. నాలుగోది ఉత్త పటిక. ఏడోది సున్నపుతేట, పూసిన పావుగంటకి ఇటుకరంగుకి తిరిగింది. తొమ్మిదోది తుప్పుమేకులు నానబెట్టిన వెనిగరు, అది బూడిదలో పాచి కలిపినట్టు మాసిపోయింది. పదిహేనోది వంటింటి పసుపు. అది పూసినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది గాని, రెండో ఎండకి ఆ రంగూ పోయింది, నవ్వూ పోయింది. పదిహేడోది బట్టల సోడా. దానివైపు చూడడం మానేశాడు. అన్నిటికన్నా ముదురుగా తిరిగింది అదే.

చెట్టు లోపల, చీకట్లో, ఎవరికీ అక్కర్లేనప్పుడు ఈ పసుపు ఎన్నేళ్ళయినా ఉంటుంది. రంపం పెట్టి వెలుగులోకి తెచ్చిన రోజునుంచి పోవడం మొదలుపెడుతుంది. ఎందుకు పోతుందో పుస్తకాల్లో ఉంది. అమలాపురం కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా అతనికి ఆ పుస్తకాలు అందుబాటులోనే ఉన్నాయి, చదివాడు కూడా. చదివినంత మాత్రాన చెక్క ఆగలేదు.

పెరటి రేకులషెడ్డు మధ్యలో, రెండు పీటల మీద, పాత గొడుగుగుడ్డలు కలిపి కుట్టిన నల్లటి ముసుగు కింద ప్రసంగపీఠం నిలబడి ఉంది. నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, పైన బైబిలు పెట్టుకునే ఏటవాలు పలక. ఒక్క మేకూ లేకుండా చెక్కలో చెక్క కూర్చి బిగించాడు. ఆ పని మూడు నెలల్లో అయిపోయింది. మిగిలిన అయిదు నెలలూ రంగుతోనే సరిపోయింది.

ఎల్లుండి ఆదివారం. ఆదివారానికి కృపావతి పోయి ఏడాది. ఆ ఉదయం ఆరాధనలోనే ఆమె జ్ఞాపకార్థ కూటం, ఆ కూటంలో పాస్టరుగారు మొదటిసారి ఈ పీఠం మీద బైబిలు పెట్టి చదవాలి. ఆ ఏర్పాట్లన్నీ బాబూరావువి. అతను కృపావతికి అన్నగారు, చర్చి కమిటీకి సెక్రటరీ. ఆ ఇద్దరిలో ఎవరు మాట్లాడుతున్నారో వినేవాళ్ళకి తెలియనివ్వడు. చర్చిలో ప్రతి వస్తువూ ఎవరో ఒకరి జ్ఞాపకార్థమే ఉంటుంది. గడియారం మీద ఒక పేరు, మైకుస్టాండు మీద ఒక పేరు, ఫ్యాన్ల రెక్కల మీద మూడు పేర్లు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ ముగ్గురూ ఎవరికీ కనబడరు, కరెంటు పోతే కనబడతారు. పీఠానికి బిగించవలసిన ఇత్తడిపలక బాబూరావు నెలరోజుల కిందటే చెక్కించి ఉంచాడు. కృపావతి పేరు, దాని పక్కన ఎం.ఏ., బి.ఇడి., కింద తారీఖులు.

రేపు మధ్యాహ్నం దాకా చూస్తానన్నాడు. అప్పటికి పని పూర్తికాకపోతే రాజమండ్రిలో చూసి ఉంచిన గాజు పుల్‌పిట్టు తెప్పిస్తాడు. దాంట్లో నీలంలైటు కూడా వెలుగుతుందట. ఇది కాస్త ఆలస్యంగా పెట్టుకుంటే ఏమైందని ఎలీషా ఫోనులో అడిగితే, చర్చిలో రెండు పుల్‌పిట్టులుండవు కదండీ బావగారూ అన్నాడు. అదీ నిజమే. గాజుది ఒకసారి నిలబడితే, ఇది ఈ షెడ్డులోనే, మూడో కాలు దగ్గర ఆగిపోయిన స్టూలు పక్కన, మూత లేని పెట్టె పక్కన ఉండిపోతుంది.

ఆ పెట్టె చూసే కృపావతి ఒకసారి అంది, మీ వస్తువులన్నీ పరీక్షకి చదువుతూనే ఉంటాయండీ, పరీక్ష మాత్రం రాయవు అని. హైస్కూల్లో తెలుగు చెప్పేది. పిల్లల్ని అన్నట్టే నవ్వుతూ అంది. ఆ మాటకి అతను రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు లెక్క వేసుకుంటే, ఇరవై ఆరేళ్ళ కాపురంలో అలా మాట్లాడని రోజులన్నీ కలిపితే ఎన్నవుతాయో అనిపిస్తుంది. లెక్క వెయ్యడు. వెయ్యకపోవడానికి కారణం వెతుక్కుంటాడు, అది దొరికేసరికి ఇంకో ముక్కకి నంబరు వేస్తూ ఉంటాడు.

రంగు దగ్గరే గొడవ. బాబూరావుకి టేకురంగు కావాలి. వాళ్ళింట్లో తలుపులన్నిటికీ టేకు పాలిషే, ప్లైవుడ్డు తలుపులకి కూడా. ఎనిమిది నెలలుగా, ఫోను చేసినప్పుడల్లా అదే మాట: ముదురుగా వెయ్యండి బావగారూ, పెద్దరికంగా ఉంటుంది. ఎలీషాకి ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. చెక్కని చెక్కలా ఉండనివ్వరు, మనిషిని మనిషిలా పోనివ్వరు, పైన ఏదో ఒకటి పుయ్యాలి. ఆమెకి ఈ పసుపే ఇష్టం, ఆమే అంది, అని ఒకసారి గట్టిగానే చెప్పాడు. అటునుంచి బాబూరావు పాస్టరుగారి ఆరోగ్యం గురించి మాట్లాడి పెట్టేశాడు.

ఆమే అంది. అసలేమంది?

చెట్టు వాళ్ళ పుట్టింటిది, ఉప్పలగుప్తంలో. చుట్టూ పొలాలు రొయ్యలచెరువులయ్యాక భూమిలోకి ఉప్పు దిగి, ఆ పనసచెట్టు పైకొమ్మల నుంచి మోడువారుతూ వచ్చింది. బాబూరావు కొట్టించి, మొద్దు ఎలీషాకి ఇచ్చాడు. ఏడాదిన్నర కిందటి మాట. సామిల్లుకి కృపావతి కూడా వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో, కొబ్బరిబోండాం చేత్తో పట్టుకుని కూర్చుంది. రంపం దిగి మొదటి పలక పక్కకి పడగానే లోపలి పసుపు ఒక్కసారి బయటికొచ్చింది, అంతసేపూ అక్కడ ఎవరో దీపం పట్టుకుని కూర్చున్నట్టు. అప్పుడంది, ఇలాగే ఉండిపోతే ఎంత బాగుణ్ణు అని.

ఆ ఒక్క మాట మీద ఈ ఇరవై మూడు ముక్కలూ నిలబడి ఉన్నాయి.

కాని మిల్లులో రంపం చప్పుడు. ఆమె కాలవవైపు తిరిగి కూర్చున్నట్టు కూడా గుర్తు. గాలి చల్లగా వేస్తోంది, చేతిలో బోండాం ఉంది, ఆ రోజు స్కూలుకి సెలవు పెట్టింది. ఇలాగే అంటే ఏది ఇలాగే? అతను అడగలేదు. ఆమె మాటల్లో అతను అడగనివే ఎక్కువ గుర్తున్నాయి, అడిగినవాటికి ఆమె చెప్పిన జవాబులు గుర్తులేవు. మనసు తనకి కావలసిన సాక్షినే పిలుస్తుందని, ఆ సాక్షి చేత తనకి కావలసిందే చెప్పిస్తుందని అతనికి తెలియదా? తెలుసు. తెలిసే ఆ సాక్షిని నమ్ముకున్నాడు, ఇంకెవరూ రాలేదు గనక.

ఈవేళ పొద్దున్నే అమలాపురం వెళ్ళి కొత్త వార్నిష్ తెచ్చాడు. ఎండదెబ్బని అడ్డుకుంటుందని డబ్బా మీద సూర్యుడి బొమ్మ వేసి, దానికి అడ్డంగా గీత కొట్టారు. ఎంత అడ్డుకున్నా మూడేళ్ళు, బాగా అయితే నాలుగు. ఆ తర్వాత ఇదీ చింతపండే. మూడేళ్ళు దేనికి చాలుతాయో అతను ఆలోచించుకోలేదు. డబ్బా మూత తీసి, బ్రష్షు మెత్తబరచి, ముసుగు ఎత్తాడు.

పీఠం మెరుస్తోంది.

మొదట కళ్ళు తప్పుచూశాయేమో అనుకున్నాడు. వేలితో తాకాడు, వేలు జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె.

బంగారమ్మ నూతిదగ్గర గిన్నెలు తోముతోంది. కృపావతి ఉన్నప్పటినుంచి ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. సముద్రంవైపు పల్లెనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, మొగుడు రొయ్యలచెరువుకి కాపలా. ఎలీషా షెడ్డు గుమ్మంలోంచే అడిగాడు, దీన్ని ఎవరు ముట్టుకున్నారని.

"నేనేనండి. తుడిసేనండి."

"దేంతో?"

"కొబ్బరినూనేనండి." ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. "మరి దేంతో తుడుత్తారండి?"

ఆమే చెప్పుకొచ్చింది. గాలికి ముసుగు తొలిగి దుమ్ము పడిందట. ఎల్లుండి చర్చిలో పెట్టేది, టీచరమ్మగారి పేరు మీదది, అలా ఎండిపోయి ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారని, గుడ్డ తడిపి పైనించి కిందదాకా రెండుసార్లు పట్టించిందట. వాళ్ళవాళ్ళు కొత్తపడవని నీళ్ళలోకి దింపేముందు కూడా నూనె రాస్తారట.

"ఇది నీ పడవ కాదు," అన్నాడు ఎలీషా. "ఈ షెడ్డులోకి రావద్దని చెప్పేనా, లేదా?"

"ఆయ్, చెప్పేరండి."

"మరి?"

ఆమె గిన్నె బోర్లించి లేచింది. "టీచరమ్మగారుంటే మిమ్మల్నే కోప్పడేవోరండి, అన్నేసి నెలలు దానికి ముసుగేసి ఉంచినందుకు," అంది, గొంతు పెంచకుండానే. కొంగుతో చేతులు తుడుచుకుని గేటువైపు వెళ్ళిపోయింది. ఆమె ఏడిస్తే బాగుండునని తను ఎదురుచూసినట్టు అతనికి అప్పుడు తెలిసింది. ఏడవలేదు. ఆ కోపం కూడా వృథా పోయింది.

ఆమెని అనడానికి లేదు. ఈ సీమలో చెక్క అని పేరున్న ప్రతిదానికీ కొబ్బరినూనె రాస్తారు. గుమ్మాలకి, ఉయ్యాలబల్లకి, భోషాణానికి. అతని తల్లి క్రిస్మస్ ముందు బైబిలు పెట్టుకునే చెక్కపెట్టెకి రాసేది, మిగిలింది పిల్లల తలకి పులిమేది. ఇన్నాళ్ళూ దీన్ని వెలుగునుంచి కాపాడాడు, చెమ్మనుంచి కాపాడాడు, పురుగునుంచి కాపాడాడు. ఇంట్లో డబ్బాతో ఉన్న నూనెనుంచి కాపాడాలని తట్టలేదు. బంగారమ్మకి రావద్దని చెప్పాడే గాని ఎందుకు రాకూడదో చెప్పలేదు. చెప్పవలసి వస్తే ఏం చెప్పేవాడు? నూనె పడితే వార్నిష్ పట్టదని చెప్పచ్చు. అది ఒక్క వాక్యం. ఆ వాక్యం చెప్పడానికి కూడా మనిషితో నిలబడి మాట్లాడాలి.

అన్నిటికన్నా చిరాకు పుట్టించింది ఏమిటంటే, నూనె తగిలాక చెక్క ఎన్నడూ లేనంత బాగుంది. పసుపు పైకి తేలి, లోపలి గీతలు ఒక్కొక్కటీ వెంట్రుకల్లా విడివడి కనిపిస్తున్నాయి. ఇరవై మూడు ముక్కల్లో ఏ ఒక్కదానిలోనూ అతను సాధించలేని రంగు ఒక తడిగుడ్డకి వచ్చేసింది. కాని కొబ్బరినూనె ఆరే నూనె కాదు. దానిమీద వార్నిష్ వేస్తే వారంలో పెచ్చులై లేచిపోతుంది. అలాగే వదిలేస్తే పాస్టరుగారి మోచేతులకీ, బైబిలు అట్టకీ జిడ్డు, మీద దుమ్ము, నెలతిరిగేసరికి మురికి.

తిన్నరుతో తుడిచాడు. నూనె పోలేదు, చోటు మారింది. ఏటవాలు పలక మీద పెద్దపెద్ద మచ్చలు తేలాయి. ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు, జిడ్డుకి కాగితం మూసుకుపోయింది. టాల్కం పౌడరు చల్లి, పాతగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె వేడిచేసి నొక్కాడు. గుడ్డకి కొంత అంటింది, చెక్కలో అంతకంత మిగిలింది. సాయంత్రం నాలుగయ్యేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి, చేతులు నూనె వాసన వేస్తూ, అతను చేతకానివాడిలా పీట మీద కూర్చున్నాడు. చెయ్యవలసినది ఏమిటో అతనికి మధ్యాహ్నం నుంచీ తెలుసు. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి కడిగితే నూనె సబ్బై కొట్టుకుపోతుంది. ఫస్టియరు పిల్లలకి కూడా తెలిసిన సంగతి. కడిగిన నీళ్ళతో పాటు పసుపు కూడా పోయి, చెక్క ముదురురంగుకి తిరుగుతుంది. పదిహేడో నంబరు ముక్క కిటికీ గట్టు మీద అందుకే కూర్చుని ఉంది. నూనె వదలాలంటే రంగు వదలాలి. రెంటిలో ఒకటి అడిగితే రెండూ పట్టుకుపోయే మందు.

అయిదింటికి బాబూరావు స్కూటరు గేటు ముందు ఆగింది.

రేపు మధ్యాహ్నమన్న మనిషి ఈవేళే వచ్చాడు, తప్పు పట్టడానికి తొందర, అనుకున్నాడు ఎలీషా. లేవలేదు. బాబూరావు షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తల వంచి లోపలికొచ్చాడు. రిటైరయిన హెడ్మాస్టరు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. ముసుగు లేని పీఠాన్ని, దాని మచ్చల్ని అతనికి చూపించక తప్పలేదు. బంగారమ్మ నూనె గురించి ఎలీషా రెండు ముక్కల్లో చెప్పాడు. చెప్పి, అతని మొహంలో గెలుపు ఎక్కడ మొదలవుతుందో చూడటానికి తలెత్తాడు.

బాబూరావు పీఠంవైపు చూడటం లేదు. కిటికీ గట్టు మీది ముక్కల్ని, వాటిలో నల్లబడినవాటిని, ఒకటొకటిగా చేత్తో పట్టుకుని చూస్తున్నాడు.

ఆలోచిస్తే, అతను ఎప్పుడూ చూడలేదు. ఈ ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు ఈ షెడ్డుకి వచ్చాడు. నాలుగుసార్లూ పీఠానికి వీపు పెట్టి నిలబడి, పెరట్లోకి చూస్తూ మాట్లాడాడు. అది అహంకారమని ఎలీషా తీర్మానించుకున్నాడు. చూడదగ్గ వస్తువు కాదని చెప్పే పద్ధతి అనుకున్నాడు.

"ఇటు చూసి మాట్లాడండి బావగారూ," అన్నాడు ఎలీషా. "బాగాలేదని నా మొహమ్మీదే చెప్పండి. టేకురంగు వెయ్యలేదనే కదా మీ బాధ."

"బాగాలేదని ఎవరన్నారండి."

"అనక్కర్లేదు. చూడటమే లేదు కదా మీరు."

బాబూరావు చేతిలో ముక్క కింద పెట్టాడు. పెట్టిన ముక్కని మళ్ళీ సరిచేశాడు, అంచు గట్టు అంచుతో కలిసేలాగా.

"చూడలేనండి," అన్నాడు. "చెల్లెలి కళ్ళు గుర్తొస్తన్నాయండి నాకు."

ఎలీషాకి వెంటనే అర్థం కాలేదు.

"ఆఖర్లో కళ్ళు పచ్చగా అయిపోయేయి కదండీ. ఇదే రంగు. అచ్చంగా ఇదే." అతను ఇంకా గట్టువైపే చూస్తున్నాడు. "ఆ నెలంతా నేను వచ్చేవాణ్ణి, మీతో వరండాలో కూర్చుని ఆసుపత్రి కబుర్లు చెప్పేవాణ్ణి, వెళ్ళిపోయేవాణ్ణి. మీరు గమనించేరో లేదో. గదిలోకి రెండుసార్లే వెళ్ళేను బావగారూ. రెండోసారి వెళ్ళినప్పుడు అదే అడిగింది, ఏరా అన్నయ్యా, గోడవైపు చూసి మాట్లాడతన్నావేంటని."

షెడ్డు మీది రేకులు చల్లబడుతూ టప్పుమన్నాయి.

"ముదురురంగు వేస్తే ఆదివారం నిలబడగలనండి. నేనే చదవాలి వాక్యం, పాస్టరుగారి తర్వాత. అంతే తప్ప మీ పనికి వంక పెట్టడానికి కాదు." గాజుదేదీ తేనులెండి అన్నాడు. రాజమండ్రి షాపువాడికి పొద్దున్నే వద్దని చెప్పేశాడట. ఇది వస్తే వస్తుంది, రాకపోతే పాత బల్లే ఉంటుంది. అంతా మీ ఇష్టం బావగారూ అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఎలీషాకి మొదట వచ్చింది జాలి కాదు. ఎవరో తన వస్తువు ఎత్తుకుపోయినంత కోపం వచ్చింది. ఎనిమిది నెలలుగా ఒక శత్రువుని పెట్టుకుని, వాడికి టేకుతలుపులు బిగించి, వాడితో మనసులో వాదించి, ప్రతి వాదం గెలిచి, ఆ బలంతో ఉప్పుకాగితం పట్టాడు. ఇప్పుడా మనిషి చెప్పులు తొడుక్కుని, అంతా మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. మీ ఇష్టం అన్నాక ఎవరితో వాదించాలి? ఎనిమిది నెలలు ముందే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే? చెబితే తను విని ఉండేవాడా?

కళ్ళు. అచ్చంగా ఇదే రంగు.

తను ఎందుకు పోల్చుకోలేదు? తనూ చూశాడు కదా, రోజూ. కాదు, తను చూసినవి అంకెలు. రక్తపరీక్ష కాగితం వచ్చినప్పుడల్లా కామెర్లని కొలిచే బిలిరుబిన్ ఎంతో నోటుపుస్తకంలో తేదీ వేసి రాశాడు. గ్రాఫుకాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపాడు. గీత పైకి పోతున్నకొద్దీ చుక్కలు ఇంకా జాగ్రత్తగా పెట్టాడు. డాక్టరుగారు ఆ గ్రాఫు చూసి, మీలాంటివాళ్ళు ఇంటికొకరుంటే మా పని సులువవుతుందండీ అంటే, లోపల ఎక్కడో గర్వపడ్డాడు. ఆ నెలలోనే ఆమె గదిలో ట్యూబులైటు వెయ్యవద్దనేది. ఎవరైనా చూడటానికి వస్తే నల్లకళ్ళద్దాలు అడిగి తీసుకుని పెట్టుకునేది. కళ్ళకి వెలుగు పడటం లేదు కాబోలు అనుకున్నాడు. అలా అనుకుంటే ఇంక అడగక్కర్లేదు. బాబూరావు గోడవైపు చూశాడు, తను గ్రాఫుకాగితం వైపు చూశాడు. ఎవరు దొంగో ఎవరు దొరో తేల్చడానికి ఇంట్లో మూడోమనిషి లేదు.

అయితే ఇన్ని నెలలూ తను నిలబెట్టాలని చూసిన పసుపు ఏది? సామిల్లులో పడిన పలకదా, లేక ఆ కళ్ళదా? ఆ రంగే చేతులతో రుద్ది, వెలుగు తగలకుండా కప్పి, ఏ మందైనా వేసి పోకుండా ఆపాలని చూసింది ఎవరిని? ఈ ప్రశ్నకి వెంటనే దొరికిన జవాబు మరీ చక్కగా ఉంది, అందుకే దాన్ని నమ్మలేదు. పనసచెక్క పనసచెక్కే. ఆమె కళ్ళు ఆమె కళ్ళే. రెండు పసుపులూ వెలుగుకి విరిగిపోయేవే, అదొక్కటే వాటికున్న పోలిక. అది రసాయనశాస్త్రం, దుఃఖం కాదు. ఇలా అనుకుని తృప్తిపడబోయాడు. తృప్తి కలగలేదు. చేతుల నూనె ఎంత కడుక్కున్నా పోకుండా వేళ్ళ సందుల్లో ఉండిపోయింది. ఆ చేతులతోనే అన్నం తిన్నాడు.

శనివారం బంగారమ్మ ఎప్పటి వేళకే వచ్చింది. వరండా ఊడ్చింది, గిన్నెలు తోమింది. షెడ్డు పక్కనుంచి రెండుసార్లు వెళ్ళింది గాని తల తిప్పలేదు. నిన్న అన్న మాటకి ఏదైనా అనాలని ఎలీషాకి ఉంది. ఏం అనాలో మూడు విధాలుగా అనుకుని చూసుకున్నాడు, మూడూ ఉపన్యాసంలాగే ఉన్నాయి. చివరికి గుమ్మం దగ్గరికి వెళ్ళి, వేడినీళ్ళు కావాలి బంగారమ్మా అన్నాడు.

"ఎన్ని కావాలండి?"

"పెద్ద గుండిగెడు."

"స్నానానికాండి?"

"కాదు. నూనె వదిలించాలి. నూనె ఉంటే వార్నిష్ పట్టదు. నిన్న ఆ మాట చెప్పవలసింది నేనే."

ఆమె అతన్ని ఒక క్షణం చూసింది. "నాకేం తెలుసునండి," అంది. "చెబితే ముట్టుకోకపోదునండి." పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.

నీళ్ళు కాగేలోగా అతను లెక్క చూసుకున్నాడు. తొమ్మిదింటికి కడిగితే, మంచినీళ్ళతో మళ్ళీ తుడిచి గాలికి పెడితే, రెండింటికల్లా ఆరుతుంది. సాయంత్రం ఒక పూత. పొద్దున్నే ఆటోలో చర్చికి పట్టుకెళ్ళచ్చు. పని ప్రకారం ఏ అడ్డూ లేదు. అడ్డంతా చెయ్యి కదలకపోవడంలోనే ఉంది.

ఇంకో దారి కూడా ఉంది. ఏమీ చెయ్యకపోవడం. మచ్చలతో, నూనెతో, పసుపుతో దీన్ని ముసుగు కింద ఉంచేసుకోవచ్చు. బాబూరావు పట్టుబట్టడు. పాతబల్ల దగ్గర కూటం జరిగిపోతుంది. ఎవరూ ఏమీ అనరు, ఎలీషాగారు ఇంకా తేరుకోలేదు పాపం అంటారు. ఆ పాపంలో ఎన్నేళ్ళయినా కాపురముండచ్చు. ఇరవై నాలుగో ముక్కకి నంబరు వేసుకోవచ్చు. ఆ దారి ఎంత నున్నగా, ఎంత చల్లగా కనిపించిందో చూసి అతనికి భయం వేసింది.

సామిల్లులో కూర్చున్న కృపావతిని మరోసారి పిలిచాడు. ఆమె వచ్చింది, కుర్చీలో కూర్చుంది, బోండాం పట్టుకుంది. మొహం మాత్రం కాలవవైపే ఉంది. ఇలాగే ఉండిపోతే ఎంత బాగుణ్ణు. చెక్క గురించో, గాలి గురించో, సెలవు పెట్టిన ఆ రోజు గురించో. ఎంతసేపు చూసినా ఆమె ఇటు తిరగలేదు. ఆ మాట ఆమెదే, ఈ పీఠానికి సంబంధించింది కాకపోవచ్చు. అంతవరకే ఒప్పుకోగలిగాడు.

ఆదివారం ఒక మనిషి దీని ముందు నిలబడి, అందరూ చూస్తుండగా, వాక్యం చదవాలి. గోడవైపు చూసి చదవడానికి వీల్లేదు. అతను నిలబడగలగడానికి ఈ రంగు పోవాలి. దాన్ని పోనిస్తే తను మంచివాడైనట్టా, ఓడిపోయినట్టా? రెంటిలో ఏదైనా చెక్క తిరిగే రంగు ఒకటే. పోనిచ్చాక తనకి ఏమనిపిస్తుందో ఊహించాలని చూశాడు. ఏమీ అనిపించదేమో. వారం తర్వాత, కాలేజీలో ఏ బ్యూరెట్టో కడుగుతుండగా అనిపిస్తుందేమో. దానికి ముందుగా సిద్ధపడే మార్గం ఏదీ లేదు, నంబరు వేసి కిటికీలో పెట్టి చూసే మార్గం లేదు.

బంగారమ్మ గుండిగ తెచ్చి గుమ్మం బయట దించింది. లోపలికి రాలేదు. అతనే వెళ్ళి ఎత్తుకొచ్చి పీట పక్కన పెట్టాడు. సోడా మూడు గుప్పిళ్ళు వేసి కర్రతో కలిపాడు. ఆవిరి మొహానికి కొట్టింది. రబ్బరు తొడుగులు బల్ల మీద ఉన్నాయి, తొడుక్కోవడం మరిచిపోయాడు. గుడ్డ ముంచితే నీళ్ళు వేళ్ళని కాల్చాయి. పైకి తీసి పిండాడు. పీఠం ముందు, పాస్టరుగారు నిలబడే చోట నిలబడ్డాడు. మచ్చల మధ్య ఇంకా పసుపు ఉంది, నిన్నటంతే ఉంది. దానివైపు తిన్నగా, ఆపకుండా, తను ఎంతసేపు చూడగలడో అంతసేపూ చూశాడు.

తర్వాత తడిగుడ్డని పలక ఎడమ అంచున ఆనించి, చెక్క గీతల వెంట, కుడి అంచుదాకా ఒక్కసారి లాగాడు.